లైను ఎవరు కలపాలి, ఎవరు తెంచాలి: రేడియో డేటా మోడెమ్‌కు తగిన డయలింగ్ పద్ధతి

నాగావళి ఒడ్డున ఒక పంపుహౌసు, అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు, ఆ రెండింటినీ కనిపెట్టి ఉండవలసిన కంట్రోల్ రూం మండల కేంద్రంలో. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాగునీటి పథకాల దగ్గర పనిచేసేవారికి ఈ అమరిక కొత్త కాదు. ట్యాంకు నిండిందో లేదో చూడడానికి ఆపరేటరు బండేసుకుని వెళ్లి రావడం మానాలంటే మధ్యలో తీగ లేకుండా సమాచారం మోసే మోడెమ్ ఒకటి ఉండాలి. ఈ విషయం అడగడానికి వచ్చేవారిలో చాలామంది మొదట వేసే ప్రశ్న ఏ కంపెనీ మోడెమ్ మంచిదని. నేను తిరిగి మూడు సంగతులు అడుగుతాను: లైను ఎవరు కలుపుతారు, ఎప్పుడు తెంచుతారు, తెగిన సంగతి ముందుగా ఎవరికి తెలియాలి. వీటికి జవాబు తేలితే కొనవలసిన పెట్టె ఏదో సగం తేలినట్టే. తేలకుండా కొన్న పెట్టెలు ప్యానెల్ బోర్డుల్లో దుమ్ము పట్టి ఉండడం నేను రెండు జిల్లాల్లోనూ చూశాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. రేడియో డేటా మోడెమ్ అనే పేరును మనవాళ్లు రెండు రకాల పరికరాలకు వాడుతున్నారు. ఒకటి సిమ్ కార్డు వేసుకుని మొబైల్ కంపెనీ టవరు ద్వారా మాట్లాడేది. రెండోది రెండు కొసలా మనమే యాంటెన్నాలు నిలబెట్టి, మధ్యలో ఏ కంపెనీ లేకుండా, వీహెచ్‌ఎఫ్ లేదా యూహెచ్‌ఎఫ్ తరంగాల మీద నడుపుకునేది. రెండూ కంప్యూటరుకు సీరియల్ కేబుల్‌తోనే తగులుకుంటాయి, చాలా రకాలు ఒకే పాత భాషలో ఆజ్ఞలు తీసుకుంటాయి. 1981లో హేస్ కంపెనీ టెలిఫోన్ లైన్ల కోసం తెచ్చిన స్మార్ట్‌మోడెమ్‌తో మొదలైన ఆ ‘ఏటీ’ ఆజ్ఞలు నేటికీ బతికే ఉన్నాయి: ఏటీడీ అంటే డయల్ చెయ్యి, ఏటీహెచ్ అంటే ఫోను పెట్టెయ్యి, మూడు కూడిక గుర్తులు వరసగా పంపి ముందూ వెనకా ఒక్కో సెకను మౌనంగా ఉంటే డేటా ఆపి నా మాట విను అని. భాష ఒకటే కాబట్టి పనితీరూ ఒకటేననుకుని ఒకదాని అమరికలు తెచ్చి రెండోదానికి పెట్టడం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి.

సిమ్ మోడెమ్‌కు *99# అని డయల్ చేయిస్తాం. నిజానికి అక్కడ ఫోనెత్తేవాడు ఎవడూ లేడు. అది ప్యాకెట్ డేటా తెరవమని మోడెమ్‌కు ఇచ్చే ఆజ్ఞ మాత్రమే, నంబరు వేషం వేసుకుంది. కనెక్ట్ అన్న జవాబు రాగానే కంప్యూటరుకూ మోడెమ్‌కూ మధ్య పీపీపీ (సీరియల్ లైను మీద ఇంటర్నెట్ ప్యాకెట్లు మోసే నియమావళి) సంభాషణ మొదలై, ఐపీ చిరునామా చేతికి వస్తుంది. ఈ తతంగమంతటికీ సిగ్నల్ బాగుంటే పది సెకన్లు చాలు. సొంత రేడియోలో చాలావాటికి డయలింగ్ అవసరమే ఉండదు. ఇటు నుంచి వేసిన అక్షరం అటు పడుతుంది. కొన్ని రకాల్లో మాత్రం అవతలి మోడెమ్ చిరునామాను నంబరులాగా డయల్ చేస్తే ఆ ఇద్దరి మధ్యే లైను కలిసినట్టు అవుతుంది.

సిమ్ మోడెమ్‌తో మూడు దారులు

మొదటి దారి లైనును ఎప్పుడూ కలిపి ఉంచడం. లినక్స్‌లో ఆ పీపీపీ సంభాషణను నడిపే పీపీపీడీ ప్రోగ్రాం వాడేవారికి ఇది ‘పర్‌సిస్ట్’ అనే ఒక్క మాట. తెగితే మళ్లీ అదే డయల్ చేసుకుంటుంది. కంట్రోల్ రూంలో కూర్చున్నవారు మోటారు ఆపమంటే వెంటనే ఆగాలి, వాల్వు తిప్పమంటే వెంటనే తిరగాలి అన్నచోట దీనికి సాటి లేదు. అయితే దీనిలో ఒక మోసం ఉంది, అది నాకు ఖరీదుగానే తెలిసింది. ఒక పథకంలో తెర మీద ట్యాంకు మట్టం ఉదయం ఆరింటి నుంచి 2.4 మీటర్ల దగ్గర కదలకుండా నిలిచింది. మోడెమ్ మీద పచ్చదీపం వెలుగుతోంది, లైను కలిసే ఉందని కంప్యూటరు చెబుతోంది, నేనూ నీళ్ల వాడకం తక్కువగా ఉందనుకుని ఊరుకున్నాను. పదకొండింటికి ఆ వీధివాళ్లే ఫోన్ చేసి ట్యాంకు పొంగి కాలువ దాకా పారుతోందని చెప్పారు.

జరిగింది ఇదీ. లైను బతికుందో లేదో చూడడానికి పీపీపీలో ఎల్‌సీపీ ఎకో అని ఒక పలకరింపు ఉంటుంది. టెలిఫోన్ మోడెమ్ రోజుల్లో ఆ పలకరింపు అవతలి సర్వరు దాకా వెళ్లి వచ్చేది కాబట్టి నమ్మదగినది. సిమ్ మోడెమ్‌లలో పీపీపీ సాధారణంగా మోడెమ్ లోపలే ముగిసిపోతుంది. అక్కడి నుంచి టవరుకు వెళ్లేది వేరే ఏర్పాటు. అంటే మన పలకరింపుకు బదులిచ్చేది రెండడుగుల కేబుల్ చివరనున్న పెట్టే తప్ప కంట్రోల్ రూం కాదు. నెట్‌వర్కు లోపల మన సెషన్ ఎప్పుడో జారిపోయినా ఆ పెట్టె ‘బాగానే ఉన్నాను’ అంటూనే ఉంటుంది. అందుచేత ఎప్పుడూ కలిపి ఉంచే పద్ధతి ఎంచుకునేవారు కంట్రోల్ రూం యంత్రం నుంచే జవాబు రప్పించుకునే ఏర్పాటు విడిగా చేసుకోవాలి. నేను ఇప్పుడు ఐదు నిమిషాలకు ఒకసారి అడిగిస్తాను. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే లైను పెట్టేసి మళ్లీ డయల్ చేయిస్తాను, అప్పటికీ కుదరకపోతే ఒక చిన్న రిలే మోడెమ్‌కు కరెంటు తీసి ఇరవై సెకన్ల తరువాత ఇస్తుంది. దీనితోపాటు తెర మీద ప్రతి అంకె పక్కనా అది ఎప్పుడు వచ్చిందో సమయం కనిపించేలా పెట్టాను. ఆ రోజు అది ఉండి ఉంటే ట్యాంకు పొంగేది కాదు.

రెండో దారి, పంపవలసింది ఉన్నప్పుడే డయల్ చేసి, పని కాగానే పెట్టేయడం. పీపీపీడీలో ‘డిమాండ్’, ‘ఐడిల్’ అనే మాటలతో ఇది నడుస్తుంది. కాగితం మీద చూస్తే ఇదే అన్నిటికంటే తెలివైన పద్ధతి. చేతికొచ్చేసరికి రెండు చికాకులు. లైను కలిసేలోపు బయలుదేరిన మొదటి ప్యాకెట్టు పాత ఐపీ చిరునామాతో వెళ్తుంది, కలిశాక వచ్చే చిరునామా వేరు. కాబట్టి మొదటి ప్రయత్నం విఫలమై రెండోదే నిలుస్తుంది. ప్రోగ్రాం రాసేవారు ఈ సంగతి తెలిసి మళ్లీ ప్రయత్నించేలా రాయాలి. రెండోది, మనం పంపమన్నదే కాక గడియారం సరిచేసుకునే ప్రోగ్రామూ, పేర్లు వెతికే డీఎన్‌ఎస్ అడుగులూ కూడా లైనును లేపుతాయి, ఒకసారి లేచాక పడుకోనివ్వవు. నెల తిరిగాక చూస్తే అవసరానికే డయల్ చేయవలసిన స్టేషను రోజంతా లైను మీదే ఉన్నట్టు తేలుతుంది. ఏ రకం ప్యాకెట్టుకు లేవాలో, దేనికి లేవకూడదో ఫిల్టరు రాసుకునే ఓపిక ఉన్నవారికే ఈ దారి.

మూడోది వేళ ప్రకారం డయల్ చేయడం. పదిహేను నిమిషాలకు ఒకసారి లేచి, కలిపి, గత పదిహేను నిమిషాల కొలతలు పంపి, కంట్రోల్ రూం నుంచి తనకేమైనా ఆజ్ఞలున్నాయేమో చూసుకుని పెట్టేస్తుంది. నీటిమట్టం ఒక గీత దాటినా, ప్యానెల్ తలుపు తెరుచుకున్నా వేళ చూడకుండా వెంటనే లేస్తుంది. ఊళ్లల్లో ట్యాంకులకూ, బోర్లకూ, చెరువు గేజీలకూ నేను ముందుగా సూచించేది దీన్నే. లైను అబద్ధంగా బతికి ఉండడం అనే జబ్బు దీనికి రాదు. పదిహేను నిమిషాలకోసారి చచ్చి పుడుతుంది కాబట్టి తేడా వస్తే తరువాతి వేళకే బయటపడుతుంది. కంట్రోల్ రూంలో ఫలానా స్టేషను నుంచి రెండు వేళలు తప్పాయి అని ఎర్రగా చూపిస్తే చాలు. ఒక్క జాగ్రత్త ఉంది. ముప్పై స్టేషన్లూ సరిగ్గా ఎనిమిది గంటలకే లేస్తే అందరూ ఒకే ద్వారం దగ్గర తోసుకుంటారు. స్టేషను నంబరును ఇరవై సెకన్లతో హెచ్చవేసి అంత ఆలస్యంగా లేపితే ఆ తొక్కిసలాట ఉండదు.

డేటా ఖర్చు ఆదా అవుతుందని డిమాండ్ పద్ధతి వైపు మొగ్గేవారు ఇంకా ఉన్నారు. లెక్క వేసి చూద్దాం. వంద బైట్ల కొలతలు పంపడానికి లైను తెరవడం, మూయడం, ప్యాకెట్ల తలకట్లు (హెడర్లు) అన్నీ కలుపుకుని 500 బైట్లు అనుకుంటే, రోజుకు 96 సార్లకు 48 కేబీ, నెలకు ఒకటిన్నర ఎంబీకి లోపు. ఎప్పుడూ కలిపి ఉంచి నిమిషానికి ఒకసారి 84 బైట్ల పింగ్ (ఉన్నావా అనే పలకరింపు) పంపి అంతే తిరిగి తెచ్చుకున్నా నెలకు ఏడు ఎంబీ చిల్లర. ఇప్పటి ప్లాన్లలో ఈ రెండూ లెక్కలోకి రావు. సెషన్‌కు ఇంత అని కనీసం కట్టించుకునే ప్లాను అయితే తప్ప డబ్బును బట్టి పద్ధతి నిర్ణయించుకోవలసిన రోజులు పోయాయి. నిర్ణయించవలసింది బ్యాటరీ. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద సగటున 100 మిల్లీ ఆంపియర్లు తీసుకునే మోడెమ్ ఎప్పుడూ వెలుగుతుంటే కాగితం మీద 70 గంటలు, బ్యాటరీని సగానికి మించి వాడకూడదనుకుంటే 35 గంటలే నడుస్తుంది. పదిహేను నిమిషాలకు రెండు నిమిషాలే వెలిగిస్తే మోడెమ్ సగటు 13 మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది. కరెంటు పోయాక మొదటిది రెండో రోజుకే ఆగిపోతే రెండోది వారం పైన లాగుతుంది.

మూడింటిలో ఏది ఎంచుకున్నా మళ్లీ డయల్ చేసే పద్ధతిని చేత్తో సరిచూసుకోవాలి. పీపీపీడీలో ‘మ్యాక్స్‌ఫెయిల్’ అనే అమరిక మనం ఏమీ రాయకపోతే 10గా ఉంటుంది. వరసగా పదిసార్లు విఫలమైతే అది ఇక ప్రయత్నం మానేస్తుంది. రాత్రి టవరుకు కరెంటు లేకపోతే మన స్టేషను ఆ పదిసార్లూ అరగంటలోపే అవగొట్టుకుని, తెల్లారి టవరు లేచినా తాను లేవదు. ఎవరో వెళ్లి స్విచ్ ఆపి వేసేదాకా మౌనమే. దాన్ని 0 చేస్తే హద్దు ఉండదు. కానీ హద్దు తీసేశాం కదా అని ప్రతి సెకనూ డయల్ చేయించకూడదు. మొదటి వైఫల్యం తరువాత అర నిమిషం, తరువాత ఒకటి, రెండు, నాలుగు నిమిషాలు, పదిహేనుకు మించకుండా. అంతే చాలు.

ఇంకో రెండు ముచ్చట్లు చెప్పకుండా ముందుకు పోలేను. ఇచ్ఛాపురం వైపు ఒక స్టేషను ఎంతకీ డయల్ చేయడం లేదు. మోడెమ్‌ను నెట్‌వర్కులో ఉన్నావా అని అడిగితే ‘0,5’ అని జవాబిస్తోంది. అంటే ఉన్నాను, కానీ రోమింగులో. సరిహద్దు అవతలి ఒడిశా సర్కిల్ టవరు దానికి గట్టిగా అందుతోంది. నేను రాసిన ప్రోగ్రాం సొంత నెట్‌వర్కు అని చెప్పే ‘0,1’ వస్తే తప్ప డయల్ చేయనంటోంది. తప్పు మోడెమ్‌ది కాదు, టవరుదీ కాదు. రెండోది బొబ్బిలి దగ్గర జరిగింది. సిగ్నల్ బాగున్నా డయల్ చేసిన ప్రతిసారీ మోడెమ్ ఆరిపోయి వెలుగుతోంది. 2జీలో ప్రసారం చేసే క్షణాల్లో మాడ్యూలు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి దానికి వేసింది గంట బెల్లుకు వేసే సన్నతీగ, అదీ ఆరు మీటర్లు. ఆ క్షణంలో వోల్టేజి కుంగి మోడెమ్ స్పృహ తప్పుతోంది. మోడెమ్ మార్చమని రాసిన ఉత్తరం వెనక్కి తీసుకుని తీగ మార్చాము.

కంట్రోల్ రూమే స్టేషనుకు డయల్ చేస్తే సరిపోదా అని పాతవాళ్లు అడుగుతారు. టెలిఫోన్ మోడెమ్ రోజుల్లో ‘ఎస్0=1’ అని పెడితే మొదటి రింగుకే మోడెమ్ ఎత్తుకునేది, మనం ఆఫీసు నుంచే ఏ స్టేషనునైనా పిలిచేవాళ్లం. 2జీలోనూ డేటా కాల్ అనే ఏర్పాటు ఉండేది. 4జీలో అది లేదు, జియోకు మొదటి నుంచీ 2జీయే లేదు. ఇంటర్నెట్ ద్వారా పిలుద్దామన్నా మామూలు సిమ్‌కు కంపెనీ ఇచ్చే ఐపీ చిరునామా బయటి నుంచి చేరరానిది. స్థిరమైన చిరునామా ఇచ్చే ఎం2ఎం (యంత్రాల కోసం ఇచ్చే) సిమ్ తీసుకోవడమో, స్టేషనే బయలుదేరి మన సర్వరుకు వీపీఎన్ (ఇంటర్నెట్ లోపలే ఒక సొంత దారి) కట్టుకోవడమో జరగాలి. చౌకదారి ఒకటుంది: ఎస్సెమ్మెస్ పంపితే స్టేషను ఆ నంబరు మనదేనని చూసుకుని, తానే డేటా డయల్ చేసి వస్తుంది. మిస్డ్ కాల్‌తోనూ ఇదే చేయవచ్చు కానీ 4జీ మాత్రమే ఉన్న మాడ్యూలుకు వోల్టీ (4జీ మీదే కాల్ మోసే ఏర్పాటు) లేకపోతే గంట మోగదు. ఎస్సెమ్మెస్‌ను నిద్ర లేపడానికి వాడండి, కొలతలు పంపడానికి వద్దు. అది ఎప్పుడు చేరుతుందో హామీ లేదు.

సొంత రేడియో

ఇక్కడ డయలింగ్ గొడవ తగ్గి యాంటెన్నా గొడవ పెరుగుతుంది. కంట్రోల్ రూం వరసగా ఒక్కో స్టేషనునూ పేరుపెట్టి పిలుస్తుంది, పిలిచినవారే బదులిస్తారు. సెకనుకు 9600 బిట్ల వేగంతో ఒక పిలుపు, ఒక జవాబు కలిపి అర సెకను అనుకుంటే ముప్పై స్టేషన్లను పదిహేను సెకన్లలో చుట్టి రావచ్చు. స్టేషన్లే తమకు తోచినప్పుడు మాట్లాడితే బాగుంటుంది కదా అనిపిస్తుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయం వారు అలోహా పేరుతో రేడియో నెట్‌వర్కును ఆ పద్ధతిలోనే నడిపారు. ఎవరికి తోచినప్పుడు వారు మాట్లాడే ఆ తీరులో చానెల్ సామర్థ్యం 18 శాతానికి మించి పనికిరాదని లెక్కలు తేల్చాయి. పైగా మన ప్రాంతంలో కొండకు అటొకటి ఇటొకటి ఉన్న స్టేషన్లు ఒకదాని మాట ఒకటి వినలేవు, కొండ మీది రిపీటరుకు (విన్నదాన్ని తిరిగి పంపే రేడియోకు) మాత్రం రెండూ కలిసి వినిపిస్తాయి. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఆగుదామన్న మర్యాద అక్కడ పనిచేయదు. పిలిస్తేనే పలకడం మేలు. డయల్ చేసి లైను కలుపుకునే రకాన్ని మాత్రం రెండే కొసలున్నచోట వాడండి. చాలా స్టేషన్లున్నచోట ఒకడు లైను పట్టుకుని వదలకపోతే మిగిలిన వారంతా ఆగిపోతారు.

దూరం విషయంలో అమ్మేవారు చెప్పే కిలోమీటర్లను పక్కన పెట్టి లెక్క వేసుకోవాలి. మీటర్లలో రెండు యాంటెన్నాల ఎత్తులకు వర్గమూలాలు తీసి, కలిపి, 4.12తో గుణిస్తే భూమి వంపు వల్ల వచ్చే హద్దు కిలోమీటర్లలో వస్తుంది. 9 మీటర్లు, 16 మీటర్లు అయితే దాదాపు 29 కిలోమీటర్లు. అది ఎడారిలో మాట. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోపుల మధ్య ఆ అంకెను నమ్మితే ఐదు కిలోమీటర్లకే మాట అందదు. రేడియో తరంగానికి గీత గీసినట్టు కనుచూపు ఉంటే చాలదు, ఆ గీత చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ కావాలి. 865 మెగాహెర్ట్జ్ మీద ఎనిమిది కిలోమీటర్ల దూరానికి నడిమధ్య ఆ గుడ్డు వ్యాసార్ధం 26 మీటర్లు, అందులో అరవై శాతమైనా, అంటే 16 మీటర్లయినా చెట్ల తలల పైన ఖాళీగా ఉండాలి. కొబ్బరిచెట్టు 12 మీటర్లు అనుకుంటే గీత 28 మీటర్ల ఎత్తున పోవాలన్నమాట. అంత స్తంభం ఎవరు వేస్తారు? ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఊళ్లలో ఆ ఎత్తులో చాలా భాగం అప్పటికే కట్టి ఉంటుంది. ట్యాంకు పైకప్పు మీద మూడు మీటర్ల గొట్టం చాలు, మిగిలిన లోటును సిగ్నల్ లెక్కలో నష్టంగా వేసుకుని యాంటెన్నాతో భర్తీ చేయవచ్చు.

అయితే అంత ఎత్తున యాంటెన్నా, కింద ప్యానెల్, మధ్యలో ఇరవై మీటర్ల కేబుల్. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ వేస్తే 450 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ఇరవై మీటర్లలో ఆరేడు డెసిబెళ్లు పోతాయి, మోడెమ్ ఐదు వాట్లు ఇచ్చినా యాంటెన్నాకు ఒక వాటు చేరడం గగనం. ఎక్కువ శక్తి మోడెమ్‌కు పెట్టే డబ్బు లావుపాటి కేబుల్‌కు పెట్టడం నయం. సముద్రపు గాలి తగిలే మండలాల్లో కనెక్టరు మీద రబ్బరు టేపు చుట్టకపోతే రెండో ఏటికే లోపల పచ్చ పడుతుంది. ఏప్రిల్, మే నెలల పిడుగులకు యాంటెన్నా కేబుల్‌కు పిడుగు దెబ్బను నేలకు మళ్లించే సర్జ్ అరెస్టరూ, దానికి సొంత ఎర్తింగూ లేని స్టేషన్లు ముందు బలి.

అనుమతుల సంగతి కొనే ముందే చూసుకోవాలి. మామూలు వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ చానెళ్లకు దూరసంచార శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి లైసెన్సు కావాలి, దానికి నెలలు పట్టవచ్చని ముందే అనుకుని ప్రణాళిక వేసుకోవాలి. 2005 నుంచి 865–867 మెగాహెర్ట్జ్‌ల మధ్య 1 వాటు ప్రసార శక్తికీ, యాంటెన్నాతో కలిపి 4 వాట్లకూ లోబడి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. పరికరానికి మాత్రం డబ్ల్యూపీసీ ఆమోదం ఉండాలి. లోరా (తక్కువ శక్తితో ఎక్కువ దూరం పంపే రకం) మోడెమ్‌లు ఈ పట్టీలోనే (బ్యాండులోనే) నడుస్తాయి. అవి చాలా బలహీనమైన సిగ్నల్‌నూ పట్టగలవు. కానీ దూరం కోసం అత్యంత నిదానమైన అమరికకు దింపితే వేగం సెకనుకు 300 బిట్ల లోపు. ట్యాంకు మట్టానికి అది ఎక్కువే, పదిహేను నిమిషాల కొలతల కట్టకు ఓపిక పట్టాలి.

తుపాను నాటి పరీక్ష

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలూ కొబ్బరిచెట్లూ కలిసి పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు విజయనగరం వైపూ అదే కథ. టవరుకూ బ్యాటరీలే, డీజిలే. అవి అయిపోయాక మన స్టేషను ఎంత తెలివిగా డయల్ చేసినా అవతల ఎత్తేవారుండరు. ఒకే సిమ్ బదులు రెండు కంపెనీల సిమ్‌లు వేసే మోడెమ్ మామూలు రోజుల్లో ఎంతో ఉపకారం, తుపాను రోజున అంతగా కాదు, ఎందుకంటే చాలాచోట్ల రెండు కంపెనీలూ ఒకే టవరు మీద ఉంటాయి. సొంత రేడియోకు రెండు కొసలా మన బ్యాటరీ, మన సౌర పలక ఉంటే అది మాట్లాడుతూనే ఉంటుంది, యాంటెన్నా గొట్టం వంగిపోకుండా ఉంటే. అందుకే గొట్టానికి మూడు వైపులా తాళ్లు కట్టించడాన్ని నేను పట్టుబట్టి అడుగుతాను, గుత్తేదారులు విసుక్కున్నా సరే.

ఇందులో ఒక ఇరుకు ఉంది. పిలిస్తే పలకాలంటే రేడియో ఎప్పుడూ వింటూ ఉండాలి, వినడానికీ 80, 100 మిల్లీ ఆంపియర్లు కావాలి. వేళ ప్రకారం లేచే సిమ్ మోడెమ్ బ్యాటరీని పొదుపుగా వాడుతుంది కానీ టవరు మీద ఆధారపడుతుంది. రేడియో ఎవరి మీదా ఆధారపడదు కానీ బ్యాటరీని తాగుతుంది. పెద్ద బ్యాటరీ పెట్టడం తప్ప దీనికి దొడ్డిదారి లేదు.

ఏది ఎక్కడ

ఊరి ట్యాంకు, బోరు, ఫిల్టరు బెడ్డు, వీటికి సిగ్నల్ మామూలుగా ఉన్నచోట సిమ్ మోడెమ్, వేళ ప్రకారం డయలింగ్, హెచ్చరికకు వెంటనే లేవడం. ఇందులో నాకు సందేహం లేదు. పంపుహౌసుకూ అది నింపే ట్యాంకుకూ మధ్య మోటారు దానంతట అదే ఆగాలి, మొదలవ్వాలి అంటే ఆ రెండింటి మధ్య మాత్రం 865 పట్టీలో సొంత రేడియో పెట్టండి. ఆ మాట ఇంటర్నెట్ చుట్టూ తిరిగి రానవసరం లేదు. కంట్రోల్ రూంకు చెప్పవలసింది పంపుహౌసు సిమ్ మోడెమ్ చెబుతుంది. హిరమండలం నుంచి ఉద్దానానికి వచ్చే గొట్టపు మార్గాల వంటి పొడవైన పథకాల్లో వాల్వులను దూరం నుంచి తిప్పవలసి ఉంటే ఎప్పుడూ కలిపి ఉంచే లైను, స్థిర చిరునామా ఉన్న సిమ్, నేను పైన చెప్పిన జవాబు రప్పించుకునే ఏర్పాటు, మూడూ ఉండాలి. మూడింటిలో ఒకటి లేకపోతే వాల్వు దగ్గర మనిషిని పెట్టడమే క్షేమం.

నాగావళి, వంశధారల వరద గేజీల కథ వేరు. రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టి రెండువందల యాభై కిలోమీటర్ల చిల్లర ప్రవహించి సముద్రంలో కలుస్తాయి. ఎగువన పడ్డ వాన కొన్ని గంటల్లోనే వంశధార మీది గొట్టా బ్యారేజీ తలుపుల దగ్గర ఉంటుంది. ఇటువంటిచోట ఒక దారిని నమ్ముకోకూడదు. సొంత రేడియో మొదటిది, సిమ్ రెండోది, రెండూ ఒకే కొలతను పంపాలి. లైను లేనప్పుడు కొలతలు సమయంతో సహా లోపల దాచుకుని, కలవగానే పాతవన్నీ వరసగా అప్పజెప్పే మోడెమ్ కంట్రోలర్లనే తీసుకోండి. వాతావరణ శాఖ ఆటోమేటిక్ స్టేషన్లు ఇన్సాట్ ఉపగ్రహానికి 402.75 మెగాహెర్ట్జ్ మీద తమ వంతు సమయంలో పంపి ఊరుకుంటాయి, అక్కడ డయలింగూ లేదు, అందిందన్న జవాబూ లేదు. ప్రభుత్వ సంస్థలకు అదొక దారి, మన చిన్న పథకాలకు కాదు. కొండ మాటున సిగ్నలే లేని తాటిపూడి ఎగువ వంటి చోట్ల ముందు ఒక రిపీటరుకు ఎత్తైన చోటు వెతకండి, అది దొరికాకే మోడెమ్ గురించి ఆలోచించవచ్చు.

కొనే ముందు ఒక పని చేయండి. స్నేహితుల దగ్గర ఏదైనా సిమ్ మోడెమ్ అరువు తెచ్చుకుని, యాంటెన్నా పెట్టదలచిన ఎత్తులోనే దాన్ని నిలబెట్టి, సిగ్నల్ ఎంత అని అడిగే ‘సీఎస్‌క్యూ’ ఆజ్ఞను ఉదయం ఒకసారి, ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చునే రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, మూడు రోజులు అడగండి. జవాబు 0 నుంచి 31 లోపు వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి 113లోంచి తీసేస్తే సిగ్నల్ బలాన్ని కొలిచే డీబీఎంలలో మైనస్ ఎంతో తెలుస్తుంది. 10 అంటే మైనస్ 93, 20 అంటే మైనస్ 73. 99 అంటే అసలు తెలియదని. పది దాటకపోతే ఆ కంపెనీ సిమ్‌ను మరిచిపోయి ఇంకొకటి వేసి చూడండి. వచ్చిన అంకెలను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి. ఏడాది తరువాత 17 ఉండవలసిన చోట 9 కనిపిస్తే, మోడెమ్ పాడైందని రాసే ముందు పైకెక్కి కనెక్టరు టేపు విప్పి చూడండి.